పేర్లకు భయపడి బైపీసీ మాన్పించకండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా పాప ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ఇప్పుడు హన్మకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదువుతోంది. పాఠం అర్థమవుతోంది కానీ ఇంగ్లిష్ పేర్లు గుర్తుండడం లేదని ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. గ్రూపు మార్పించమని కొందరు, స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేర్పించమని కొందరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: గ్రూపు మార్చకండి. స్పోకెన్ ఇంగ్లిష్‌కు ఇప్పుడు డబ్బు కట్టే పని కూడా లేదు. అక్కడ నేర్పే మాటలు వేరు, మీ పాపను ఏడిపిస్తున్న మాటలు వేరు. పాఠం అర్థమవుతోందని మీరే రాశారు. అసలు కష్టం అందులోనే ఉంది, అది దాటేసింది. ఇక మిగిలిన పేర్లలో చాలావరకు గ్రీకు, లాటిన్ భాషల నుంచి వచ్చినవి. ఎల్కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకూ అవి కొత్తవే. ముందు ఈ సంగతి బిడ్డకు చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

గ్రీకు మాటలు మన సమాసాల్లాగే ముక్కలు కలిపి కట్టినవి. క్లోరోఫిల్ చూడండి. క్లోరోస్ అంటే లేత పచ్చ, ఫిల్లాన్ అంటే ఆకు. మీ పాప తెలుగులో చదివిన పత్రహరితం కూడా అంతే కదా, పత్రం ఆకు, హరితం పచ్చ. ముక్కలు ముందువెనుకలయ్యాయి, అంతే.

పోయిన ఏడాది ఇదే బాధతో ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నోట్‌బుక్‌లో ఆస్టియోఆర్థ్రైటిస్ అని పెద్దక్షరాలతో రాయించి, పెన్సిల్‌తో రెండుచోట్ల గీత గీయించాను. ఆస్టియో అంటే ఎముక. మన 'అస్థి', ఆ గ్రీకు మాట ఒకే పాత మూలం నుంచి పుట్టిన చుట్టాలు. ఆర్థ్రో అంటే కీలు, ఐటిస్ అంటే వాపు. కాసేపు చూసి, "సార్, ఇది మా నాయనమ్మ మోకాళ్ల నొప్పి" అంది. ఆ వెంటనే ఆర్థ్రోపొడాను నేను చెప్పకుండానే విప్పింది: కీళ్లున్న కాళ్లు. పొడ్, పాదం కూడా చుట్టాలే. చేలల్లో తిరిగిన పిల్లకు మిడత కాలు ఎలా ఉంటుందో బొమ్మ వేసి చూపించాల్సిన పని లేదు.

ఇలాంటి చుట్టరికాలు చాలా ఉన్నాయి. పెంటా పంచ, హెప్టా సప్త, ఆక్టా అష్ట. హైపర్‌కు మన 'ఉపరి', హైపోకు మన 'ఉప'. ఎనీమియాలో మొదటి ముక్క, మన అనారోగ్యంలోని 'అన్' ఒకటే. లేదు అని అర్థం. హైమా అంటే రక్తం. తెలుగు మీడియంలో చదివానని మీ పాప చిన్నబోతోందేమో, ఇక్కడ ఆ చదువే అక్కరకొస్తుంది.

అయితే చూడ్డానికి ఒకేలా ఉన్నవన్నీ చుట్టాలు కావు. హన్మకొండలో ఆసుపత్రులున్న ఏ వీధికి వెళ్లినా ఆర్థోపెడిక్ అనే బోర్డు కనిపిస్తుంది. 'పెడ్' అంటే పాదం అనుకుంటారు. సైకిల్ పెడల్‌లో ఉన్నది ఆ అర్థమే, కానీ అది లాటిన్. ఆర్థోపెడిక్‌లో ఉన్నది పిల్లలు అనే అర్థమున్న గ్రీకు మాట. ఆర్థో అంటే తిన్నని. పిల్లల అంగవైకల్యాలు సరిచేయడం గురించి 1741లో నికోలా ఆండ్రీ అనే ఫ్రెంచ్ డాక్టర్ రాసిన పుస్తకంతో ఆ పేరు పుట్టింది. పిల్లల డాక్టరు బోర్డు మీది పీడియాట్రిక్స్‌లోనూ ఇదే ముక్క. కిడ్నీ పాఠంలో నెఫ్రాన్ అని ఒకచోట, రీనల్ అని ఇంకోచోట వస్తే కంగారుపడొద్దు. మొదటిది గ్రీకు, రెండోది లాటిన్, అవయవం ఒకటే.

ఇంకో జాగ్రత్త. ముక్కలు విప్పినంత మాత్రాన జవాబు వచ్చేసినట్టు కాదు. హిప్పోక్యాంపస్ అంటే సముద్రగుర్రం. జువాలజీలో ఆ పేరుతో చేపా ఉంది, మెదడులో ఒక భాగమూ ఉంది. ఆకారం చూసి ఆ పేరు పెట్టారు. జ్ఞాపకశక్తితో దానికున్న సంబంధం పేరు చెప్పదు, పాఠమే చెప్పాలి. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే కాబట్టి నిర్వచనాలు చదవక తప్పదు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. కానీ రేపు ఎంబీబీఎస్ అయినా, బీఎస్సీ నర్సింగ్ అయినా క్లాసు ఇంగ్లిష్‌లోనే. ఇప్పుడు పట్టుకున్న ముక్కలు అప్పుడూ పనికొస్తాయి.

వేల పదాల పుస్తకం ఏదీ కొనకండి. ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. ఆ రోజు పాఠంలో వచ్చిన పేర్లలో మూడో నాలుగో తీసుకుని, ఎడమవైపు ముక్కలు, పక్కన తెలుగు అర్థం, చివర అదే ముక్క ఉన్న ఇంకో పేరు రాసుకోవాలి. న్యుమోనియాలో పలకని 'పీ' లాంటివి ఎర్ర పెన్నుతో రాస్తే స్పెల్లింగూ నిలుస్తుంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు మార్కులు అడక్కండి. "ఈ వారం రాసుకున్న వాటిలో ఒక మాట విప్పి చెప్పు బిడ్డా" అని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పిందంటే ఆ మాట ఆమెకు వచ్చేసినట్టే.