కారు యాక్సిల్ రేషియో (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే సంఖ్య) మార్చాక స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తోంది. ఎన్ని పళ్ల గేర్ వేయాలి?

1979–93 మధ్య వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌లా కేబుల్‌తో నడిచే స్పీడోమీటర్ అయితే లెక్క తేలికే. కేబుల్ మైలుకు సుమారు 1000 సార్లు తిరగాలి. గేర్‌బాక్స్ లోపల తిప్పేది డ్రైవ్ గేర్, దానితో తిరుగుతూ కేబుల్‌ను తిప్పేది డ్రివెన్ గేర్. అందుకని:

డ్రివెన్ గేర్ పళ్లు = డ్రైవ్ గేర్ పళ్లు × యాక్సిల్ రేషియో × టైరు మైలుకు తిరిగే చుట్లు ÷ 1000

డ్రైవ్ గేర్‌కు 7 పళ్లు, రేషియో 3.73, టైరు చుట్లు 800 అనుకుంటే 20.9 వస్తుంది, అంటే 21 పళ్లది వేయాలి. టైరు చుట్ల సంఖ్య తయారీదారు పట్టికలోంచే తీసుకోండి. టేపుతో కొలిస్తే బరువుకు టైరు అణిగే సంగతి లెక్కలోకి రాదు.

పాత టైరు, పాత రేషియో ఏవో తెలియకపోయినా పర్లేదు, నన్నడిగితే జీపీఎస్‌తో పోల్చి చూడటమే మేలైన దారి. జీపీఎస్‌లో 50 ఉన్నప్పుడు ముల్లు 60 దగ్గర ఉందా? ఇప్పుడున్నది 17 పళ్లదైతే 17 × 60 ÷ 50 = 20.4, కాబట్టి 20. పళ్లు పెరిగితే ముల్లు తగ్గుతుంది. చాలామంది ఇక్కడే తిరగేసి కొంటారు.

డ్రివెన్ గేర్ కేబుల్ చివరే ఉంటుంది, ఒక్క బోల్టు విప్పితే చాలు. డ్రైవ్ గేర్ గేర్‌బాక్స్ లోపల షాఫ్టు మీద ఉంటుంది కాబట్టి, లెక్కకు సరిపడే డ్రివెన్ గేర్ దొరకనప్పుడే దాని జోలికి వెళ్లండి.