వచనం భార్యకు, కోపం నాన్న మీద

ఉత్తరం: "మేడమ్, మాది ప్రొటెస్టెంట్ కుటుంబం. నాన్న సంఘపెద్ద. నేను ఇష్టపడి చేసుకున్న అమ్మాయి క్యాథలిక్. ఆ కారణంతోనే నాన్న మా పెళ్లికి రాలేదు. ఐదేళ్లుగా నాతో నేరుగా మాట్లాడరు, ఏమున్నా అమ్మ చెబుతుంది. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ ఆన్ చేస్తుంది, పక్కనే నాన్న దగ్గు వినిపిస్తుంది, అంతే. సరే, నా సమస్య అది కాదు. నా భార్య రోజూ జపమాల పట్టుకుని మరియమాతను వేడుకుంటుంది. దేవునికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడే అని బైబిల్లో మొదటి తిమోతి 2:5 ఎన్నిసార్లు చూపించినా వినదు. మొన్న కోపంలో జపమాల తీసి అల్మారా పైన దాచేశాను. అప్పటినుంచి నేను పడుకున్నాక లైటు వేయకుండా వేళ్లు లెక్కపెట్టుకుంటూ ప్రార్థన చేసుకుంటోంది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఈ సత్యం ఆమెకు ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?"

ముందు ఆ జపమాల తీసి ఆమె చేతికివ్వండి. మిగతాది తర్వాత చదవచ్చు. ఇచ్చేటప్పుడు "తప్పు చేశాను" అనండి, దాని వెనక "కానీ" అని మొదలుపెట్టకండి. పెళ్లాం ప్రార్థన వస్తువు దాచేసే హక్కు మీకు ఎవరూ ఇవ్వలేదు.

మీ ప్రశ్న సంగతి త్వరగా తేల్చేస్తాను, ఎందుకంటే మీ ఇంటి గొడవ అది కాదు. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని మీ భార్య సంఘం కూడా నమ్ముతుంది. 1964లో ఆ సంఘం బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ ఈ మాట రాసే, మీరు చూపించిన వచనాన్నే ఎత్తి చూపే, మరియమాత పాత్ర ఆ ఏకైక మధ్యవర్తిత్వాన్ని ఏ మాత్రం తగ్గించదని చెప్పింది. జపమాలలో పదేపదే చెప్పుకునే ప్రార్థన చివర ఉన్నది "మా కొరకు ప్రార్థించండి" అన్న అభ్యర్థనే. పరలోకంలో ఉన్నవాళ్లను అలా అడగవచ్చా లేదా అన్నదే అసలు తేడా. లేఖనాల్లో అలాంటి బోధ లేదని 1530లో ప్రొటెస్టెంట్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన అంది, అడగడం మంచిదే, మేలే అని 1563లో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభ అంది. నేను మొదటి పక్షంలో ఉన్నదాన్ని, ఆ విషయం దాచుకోను. కానీ అంత పెద్ద పండితులు తెగ్గొట్టలేకపోయినదాన్ని మీరు పడగ్గదిలో అరిచి తెగ్గొట్టలేరు, ఆ పని మీకు ఎవరూ అప్పగించలేదు కూడా.

అయితే ఒకటి అడుగుతాను. ఆ అధ్యాయంలో ఐదో వచనం ఒక్కటే ఉందా? మొదటి వచనంలో ఆ పత్రిక రాసిన పౌలు అందరి కోసం విజ్ఞాపనలు చేయమన్నాడు. ఆరో వచనంలో ఆ మధ్యవర్తి ఏం చేశాడో ఉంది, అందరి కొరకు విమోచన క్రయధనంగా, అంటే విడిపించడానికి కట్టే వెలగా, తన్నుతానే సమర్పించుకున్నాడు. ఎనిమిదో వచనం మగవాళ్లకు, కోపం లేకుండా పవిత్రమైన చేతులెత్తి ప్రార్థన చేయమని. జపమాల అల్మారా పైన దాచేసిన చేతులకు ఆ ఎనిమిదో వచనం ఎందుకు కనిపించలేదు? ముందూ వెనకా వదిలేసి మధ్యలో ఒక్క వచనాన్ని పట్టుకుని భార్య మీదికి వెళ్తున్నారంటే దాని వెనక వేరే ఏదో ఉంది.

ఏముందో మీ ఉత్తరంలోనే ఉంది. "నా సమస్య అది కాదు" అన్న చోట. అది కాకపోతే స్పీకర్ సంగతి, దగ్గు సంగతి నాకెందుకు రాశారు? పెళ్లికి ముందు ఆ అమ్మాయికి జపమాల ఉందని మీకు తెలుసు. తెలిసే ఇష్టపడ్డారు, నాన్నను ఎదిరించి మరీ చేసుకున్నారు. అప్పుడు అడ్డు కాని జపమాల ఇప్పుడు ఎందుకు అడ్డమైంది? నాకు అర్థమైంది చెబుతాను, కోపం వచ్చినా చదవండి. మీరు ఆ పిల్లతో మాట్లాడుతున్నది మీ నాన్న మాటలతో. పెళ్లి వద్దనడానికి ఆయన మీ ముందు ఏ వచనం పెట్టి ఉంటారో నేను ఊహించగలను. ఇప్పుడు దాన్నే పట్టుకొచ్చి ఆమె ముందు పెడుతున్నారు. ఆమె జపమాల మానేసిందన్న కబురు ఏదో ఒకరోజు అమ్మ ద్వారా నాన్న చెవిన పడితే ఆయన ఫోన్ అందుకుంటారని మీ లోపల ఆశ ఉంది. ఆ ఆశలో తప్పేం లేదు, కొడుకు కాబట్టి ఉంటుంది. కానీ నాన్నతో రాజీకి భార్యను మూల్యంగా చెల్లిస్తానంటే నేను ఒప్పుకోను. మీరు చూపించే మధ్యవర్తి ఆ ఖరీదు తాను కట్టాడు, వేరేవాళ్ల చేత కట్టించలేదు.

ఇక మీ అమ్మ. బైబిల్లో యోబు తన కష్టంలో దేవునితో వాదించబోయి, మా ఇద్దరి మీదా చెయ్యి ఉంచగల మధ్యవర్తి మాకు లేడే అని ఏడుస్తాడు, తొమ్మిదో అధ్యాయంలో. ఇద్దరి మీదా చెయ్యి వేయాలంటే ఇద్దరికీ చెందినవాడై ఉండాలి. క్రీస్తు పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని 451లో సంఘ నాయకులు కూడిన కల్కెదోను మహాసభ అంత పట్టుదలగా చెప్పడం వెనక ఈ లెక్క కూడా ఉంది. మీ ఇంట్లో ఆ చోటులో ఐదేళ్లుగా నిలబడింది అమ్మ. ఆయనకు భార్య, మీకు తల్లి. నాన్న చెప్పిన కఠినమైన మాటను మెత్తగా చేసి మీకు చెబుతుంది, మీ విసుగును దాచేసి ఆయనకు చెబుతుంది, రాత్రి ఆ రెండూ ఆమె దగ్గరే ఉండిపోతాయి. ఆమె స్పీకర్ ఎందుకు ఆన్ చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? మీ గొంతు ఆయనకు వినిపించాలని. ఆయన ఆ గదిలోంచి లేచి వెళ్లిపోవట్లేదు కూడా, అది గమనించండి. ఎదురెదురుగా రానివ్వడం కోసం మధ్యవర్తి ఉంటాడు. ధైర్యంగా కృపాసనం దగ్గరికి, అంటే నేరుగా దేవుని ముందుకు, రండి అని హెబ్రీ పత్రిక పిలిచేది అందుకే. మీరిద్దరూ మాత్రం ఎదురుపడకుండా తప్పించుకోవడానికి ఆమెను వాడుకుంటున్నారు. దేవుని దగ్గరికి నేరుగా వెళ్లాలని భార్యకు బోధిస్తూ, కన్నతండ్రి దగ్గరికి మాత్రం అమ్మను పంపిస్తున్నారు!

మీ నాన్నది తప్పు కాదని నేను అనట్లేదు. కొడుకు పెళ్లికి రాకపోవడం పెద్ద తప్పు, సంఘపెద్ద అయి చేయడం ఇంకా పెద్దది. ఆ అవమానం మింగేసి కాళ్ల మీద పడమని మీకు చెప్పను. అయితే నీ సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే నువ్వే వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పమని మత్తయి సువార్త 18లో ప్రభువు అన్నాడు. సాక్షులు, సంఘం అవన్నీ ఆ తర్వాత. ఐదేళ్లయినా మీరు ఆ మొదటి మెట్టే ఎక్కలేదు.

కాబట్టి ముందు అమ్మకు చెప్పండి, ఇకమీదట నాన్నకు చెప్పాల్సింది నేనే చెప్పుకుంటాను, నువ్వు మోయకు అని. కుదిరితే వెళ్లండి, కుదరకపోతే నాన్న నంబరుకే ఫోన్ చేయండి. "నాన్నా, మీరు పెళ్లికి రాలేదు, నాకు ఇప్పటికీ బాధగా ఉంది" అన్న మాట చాలు మొదటిసారికి. వాదనలోకి దిగకండి, వచనాలు అసలే వద్దు. ఆయన జపమాల ప్రస్తావన తెస్తే, "అది ఆమెకూ దేవునికీ మధ్య విషయం నాన్నా, నా భార్య గురించి నేను సంజాయిషీ ఇవ్వను" అని మర్యాదగా, గట్టిగా చెప్పండి. భర్తగా అది మీ బాధ్యత, కొడుకుగా గొంతు పెంచకుండా ఉండటం కూడా మీ బాధ్యతే. ఆయన ఫోన్ పెట్టేయవచ్చు. పెట్టేస్తే మళ్లీ వారం చేయండి. ఎత్తకపోయినా సరే, అమ్మతో కబురు మాత్రం పంపకండి. ఆయన మారకపోయినా మీ ఇంట్లో మీ టెన్షన్ భార్య మీద పడకుండా ఆగుతుంది, నాకు ముందు కావలసింది అది.

ఇదంతా అయ్యాక కూడా మరియమాత గురించి మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, భార్యాభర్తలు విశ్వాసం గురించి మాట్లాడుకోవాల్సిందే. కానీ ఈసారి మొదలుపెట్టేది బైబిల్ తెరిచి వేలు పెట్టి చూపించడంతో కాదు. ఆ చీకట్లో కూర్చుని ఎవరి కోసం ప్రార్థన చేస్తున్నావని ఆమెను అడగండి. ఐదేళ్లలో ఒక్కసారైనా అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.