ఈఎంఐ స్కూటర్ కన్నా బరువు మోసే మంచి సైకిలే మీకు నయం

ప్రశ్న: మాది విజయవాడ, అజిత్ సింగ్ నగర్. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపులో గుమాస్తాగా చేస్తున్నాను, జీతం 17,000. మా ఆవిడ ఇంట్లో కారప్పొడులు, పచ్చళ్ళు చేసి నాలుగు షాపులకు వేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి పాత బండి మునిగి పాడైపోయింది. అప్పట్నుంచి నాకు షేర్ ఆటో రోజుకు 50, సరుకుకి వారానికి రెండుసార్లు ఆటో, ఒక్కోసారికి 150. చేతిలో 24,000 ఉన్నాయి. స్కూటర్‌కి 20,000 కడితే మిగతా 80,000 లోన్ ఇస్తామంటున్నారు, వడ్డీ 7.5 శాతమేనట, నెలకు 2,722 చొప్పున మూడేళ్ళు. లేక సైకిల్ కొనుక్కోనా? షాపు ఇంటికి ఆరు కిలోమీటర్లు. సరుకు పాతిక కిలోల దాకా ఉంటుంది. మా అబ్బాయి గేర్ల సైకిల్ తీసుకోమంటున్నాడు.

జవాబు: సైకిలే కొనండి. కాకపోతే మీ అబ్బాయి చెప్పింది కాదు.

ముందు ఆ ఏడున్నర శాతం సంగతి. అది ఫ్లాట్ వడ్డీ, అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నా మూడేళ్ళూ మొత్తం 80,000 మీదే వడ్డీ వేస్తారు, ఏడాదికి 6,000 చొప్పున 18,000. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే ఇది దాదాపు 13.7 శాతం. ఈఎంఐకి పెట్రోలు కలపండి, నెలకు 400 కిలోమీటర్లు తిరిగితే తొమ్మిది లీటర్లు, అంటే వెయ్యి రూపాయల దాకా. సర్వీసింగు కూడా వేసుకుంటే నెలకు నాలుగు వేలు. ఇప్పుడు ఆటోలకు మీకు అయ్యేది 2,600. అంటే ఖర్చు తగ్గించుకుందామని పెంచుకుంటున్నారన్నమాట.

వడ్డీ కన్నా నాకు ఎక్కువ భయం వేసింది, ఉన్న 24,000లోంచి 20,000 తీసి కట్టేయడం గురించి. ఇంట్లోకి నీళ్ళొస్తే ఆ వారం రోజులు చేతిలో డబ్బు లేకపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ డబ్బులో సగానికి పైగా కదలకుండా ఉండాలి, అది మాత్రం నా మాట వినండి.

ఇక సైకిల్. గేర్లు, ముందు వెనక సస్పెన్షన్ ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి, పన్నెండు, పదిహేను వేలు పెడితే వస్తాయి కూడా. కానీ వెనక స్ప్రింగు ఉన్న సైకిల్‌కి గట్టి క్యారియర్ సరిగ్గా బిగించడం కుదరదు, తొక్కే బలంలో కొంత స్ప్రింగే తినేస్తుంది. మీకు కావలసింది పాలవాళ్ళు, పేపరు వాళ్ళు వాడే మామూలు పెద్ద సైకిల్, 28 అంగుళాల చక్రాలది. ఆరేడు వేలల్లో వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి బిల్లు అడిగి తీసుకోండి. ఆ పైన మరో మూడు, నాలుగు వేలు ఫిట్టింగుల మీద పెట్టండి, అక్కడ మాత్రం పిసినారితనం వద్దు.

కొనేటప్పుడే చూడాల్సింది బ్రేకులు. పాత తరహా కడ్డీ బ్రేకులు ఉన్నవీ ఉంటాయి, తీగ బ్రేకులు ఉన్నవీ ఉంటాయి, తీగ బ్రేకులదే అడగండి. తర్వాత మార్చుకుందాంలే అంటే కుదరదు, కడ్డీ బ్రేకు రిమ్ము వేరు, దానికి తీగ బ్రేకు రబ్బర్లు పట్టవు, రిమ్ములతో సహా మార్చాలి. ఏ బ్రేకైనా స్టీలు రిమ్ము తడిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది, పాతిక కిలోలు వెనక పెట్టుకుని వానలో ఫ్లైఓవర్ దిగడం అసలు వద్దు. వాన రోజు సరుకుకి ఆటో పెట్టుకోండి, అది దుబారా కాదు.

బరువంతా మోసేది వెనక చక్రం. ఈ సైకిళ్ళకు మామూలుగా ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు ఉంటాయి, ఎందుకో ఇప్పుడు అర్థమైందిగా. మెకానిక్‌తో చెప్పి వెనక వాటికి మందం స్పోకులు వేయించండి, కొత్తలో నెల తిరిగాక ఒకసారి బిగింపించి బెండు తీయించండి. చాలామంది ఇది వదిలేస్తారు, ఆ తర్వాత ఒక్కొక్కటే తెగుతూ ఉంటాయి. క్యారియర్ కాళ్ళు ఇరుసు దగ్గరి దాకా దిగి నట్టుతో బిగిసి ఉండాలి. స్టాండు రెండు వైపులా ఆనే వెడల్పాటిది వేయించండి, పక్క స్టాండు మీద సరుకు కట్టబోతే పచ్చడి సీసాలు రోడ్డు పాలే. సీసాల పెట్టెలు పైన పేర్చకుండా క్యారియర్‌కి చెరో పక్కా కిందికి వేలాడేలా కొక్కేలు చేయించి, రెండు వైపులా సమానంగా కట్టండి, పొడుల ప్యాకెట్లు పైన. కట్టడానికి పాత ట్యూబు చీరిన ముక్కలు చాలు. హ్యాండిల్‌కి మాత్రం ఏమీ తగిలించకండి.

సింగ్ నగర్ ఫ్లైఓవర్ ఎక్కడం గురించి మీకు బెంగ ఉండే ఉంటుంది. దానికి గేర్లు అక్కర్లేదు. వెనక చక్రానికి చైను తిరిగే పళ్ళ బిళ్ళ, అంటే ఫ్రీవీల్, మామూలుగా 18 పళ్ళది వస్తుంది, దాన్ని తీసి 22 పళ్ళది వేయించండి, చైను ఒకటి రెండు లింకులు పెంచాల్సి రావచ్చు. కొన్ని వందలతో అయిపోతుంది. పెడల్ ఐదో వంతు దాకా తేలికవుతుంది, చదును రోడ్డు మీద కొంచెం నెమ్మదిస్తారు, మీ ఆరు కిలోమీటర్లకు అది లెక్కలోకి రాదు. టైర్లలో గాలి మాత్రం వారం వారం చూసుకోండి, బరువున్నప్పుడు గాలి తక్కువైతే ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి పంక్చరవుతుంది. మేలో సరుకు వేయడం పొద్దున్న ఎనిమిది లోపే ముగించండి.

మొత్తం పదకొండు వేలలో అయిపోతుంది, నగదు పెట్టి కొనండి, దీనికి కూడా వాయిదాలంటే వద్దనండి. వాన రోజుల ఆటోలు, టైర్లు, రబ్బర్లు అన్నీ కలిపి నెలకు 600 అనుకున్నా మీకు రెండు వేలు మిగులుతాయి, ఆరు నెలల్లో సైకిల్ డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆ రెండు వేలతో ఆర్‌డీ, అంటే నెలనెలా వేసే డిపాజిట్, కట్టండి. పోస్టాఫీసులో ఐదేళ్ళు, 6.7 శాతం లెక్కన చివరికి 1,42,000 పైచిలుకు వస్తుంది. అయితే మధ్యలో తీయాల్సి రావచ్చనుకుంటే పోస్టాఫీసు వద్దు, మూడేళ్ళ తర్వాతే మూయనిస్తారు, అప్పుడూ సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. రెండేళ్ళకు బ్యాంకులో వేసుకోండి.

ఇంకో పని ఈ వారంలోనే చేయండి. సైకిల్‌కి లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఏవీ అక్కర్లేదు, మంచిదే, కానీ లారీల మధ్య తొక్కే మనిషికి ఇన్సూరెన్సు ఉండాలి కదా. మీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా అడగండి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో జరగరానిది జరిగితే కుటుంబానికి రెండు లక్షలు. మీ ఆవిడ పేరు మీదా ఒకటి తీసుకోండి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు లైటు లేకుండా చీకటి పడ్డాక బయల్దేరకండి.

ఆవిడ వ్యాపారం పెరిగి సరుకు నలభై కిలోలు దాటినా, షాపులు నాలుగు కాస్తా పది అయినా అప్పుడు నాకు మళ్ళీ రాయండి, బండి లెక్క వేద్దాం. అప్పటికి డౌన్ పేమెంట్ ఆర్‌డీలోంచి వస్తుంది, ఆ రాబడి చూసి ఈఎంఐ సంగతి మాట్లాడుకోవచ్చు.