మేతకు వచ్చిన పెట్ట మేత తిన్నదా? పెరటి కోళ్లలో జబ్బును ముందే పసిగట్టడం

ప్రశ్న: పెరట్లో 12 పెట్టలు, ఒక పుంజు పెంచుతున్నాను. పోయిన వారం ఒక పెట్ట ఉదయం మిగతా వాటితో పాటే మేతకు వచ్చింది. సాయంత్రానికి ఓ మూల ముడుచుకుని కూర్చుంది. తెల్లారేసరికి చనిపోయి ఉంది. ఇప్పుడు గూట్లో అక్కడక్కడా చాక్లెట్ రంగులో, జిగురుగా, కంపు కొట్టే రెట్ట కనిపిస్తోంది. భయమేసి రెండు రోజులుగా అన్నిటికీ నీళ్లలో యాంటీబయాటిక్ పొడి కలిపి పెడుతున్నాను. మరో పెట్ట ఈకలు రాలుస్తూ గుడ్డు మానేసింది. జబ్బును ముందే ఎలా గుర్తించాలి?

సమాధానం: ముందు ఆ పొడి సంగతి. ఏ జబ్బో తేలకుండా మొదలుపెట్టిన మందు అది, ఆపేయండి. కొక్కెర తెగులు (రాణిఖేత్), మశూచి లాంటివి వైరస్ వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా మందు అవశేషాలు గుడ్డులోకి దిగుతాయి. ప్యాకెట్ మీద గుడ్లు ఎన్నాళ్లు వాడకూడదో రాసి ఉంటే అన్నాళ్లూ పారబోయండి. రాసి లేకపోతే పశువైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి.

మిమ్మల్ని భయపెట్టిన ఆ చాక్లెట్ రెట్ట చాలావరకు జబ్బు కాదు. కోడి పేగు చివర రెండు గుడ్డి సంచులు ఉంటాయి. అక్కడ పులిసిన మేత రోజులో కొన్నిసార్లు, అంటే సుమారు ఎనిమిది పది రెట్టలకు ఒకటి చొప్పున, ఇలా జిగటగా, ముదురు గోధుమ రంగులో, ముక్కు మూసుకునేంత కంపుతో బయటికి వస్తుంది. మిగతా రెట్టలు గట్టిగా, పైన తెల్లటి టోపీ పెట్టినట్టు ఉంటే పేగు బాగానే ఉన్నట్టు. ఆ తెలుపు మూత్రం. కోడికి మూత్రం విడిగా రాదు.

ఇక చనిపోయిన పెట్ట. అది జబ్బుపడింది ఆ రోజే అయి ఉండకపోవచ్చు. మందలో నలతపడ్డ దాన్ని మిగతావి పొడిచి తరుముతాయి. అందుకే కోడి ఓపిక ఉన్నంతసేపూ ఆరోగ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. మేత వేయగానే పరిగెత్తుకొస్తుంది, ముక్కుతో గింజ ఎత్తుతుంది, మళ్లీ వదిలేస్తుంది. దూరం నుంచి చూస్తే తింటున్నట్టే ఉంటుంది. కాబట్టి మేతకు వచ్చిందా అన్నది కాదు, మేత లోపలికి వెళ్లిందా అన్నది చూడాలి. అది కంటితో తేలదు, చెయ్యి పెట్టి చూడాలి.

మెడ కింద, రొమ్ముకు కుడి పక్కన మేతసంచి ఉంటుంది. రాత్రి కోళ్లు దండెం (గూట్లో అవి పడుకునే అడ్డకర్ర) ఎక్కి కునుకు పట్టాక, దీపం తగ్గించి ఒక్కో పెట్ట రొమ్ము కింద అరచెయ్యి పెట్టండి. పగలంతా తిన్న పెట్ట సంచి నిండుగా, గింజలు వేలికి తగిలేలా ఉంటుంది. ఖాళీగా ఉంటే ఆ రోజు అది తినలేదన్నమాట. అనుమానం ఉన్నదాన్ని తెల్లవారి మేత వేయకముందు మళ్లీ తడమండి. ఈసారి సంచి ఖాళీగా, చదునుగా ఉండాలి. పిండి ముద్దలా గట్టిగా నిలిచి ఉంటే పొడవాటి గడ్డి, పీచు లాంటివి అడ్డుపడి ఉండొచ్చు. నీళ్ల తిత్తిలా జారుతూ, నోటి నుంచి పుల్లటి వాసన వస్తుంటే లోపల మేత పులుస్తోందని అర్థం. అప్పుడు కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కించబోకండి. ఆ నీళ్లు గాలిగొట్టంలోకి వెళ్తే అక్కడికక్కడే చనిపోవచ్చు. 

చెయ్యి అక్కడ ఉండగానే రొమ్ము ఎముకను కూడా తడమండి. రెండు పక్కలా కండ గుండ్రంగా ఉండాలి. ఎముక కత్తి అంచులా గుచ్చుకుంటుంటే ఆ కోడి వారాలుగా చిక్కుతోంది. పైన ఈకలు ఒత్తుగా ఉండటంతో అది మీ కంట పడలేదు. వారానికోసారి తూకం వేసి రాసుకుంటే ఇంకా మంచిది. కిలోన్నర పెట్ట 150 గ్రాములు తగ్గిందంటే బయటికి ఏమీ కనిపించకపోయినా పక్కన పెట్టి గమనించాల్సిందే.

చూసి తెలుసుకునేవీ ఉన్నాయి. కాకపోతే దూరం నుంచి చూడాలి, మీరు దగ్గరికి వెళ్తే నలతగా ఉన్నదీ మెడ నిక్కిస్తుంది. ఉదయం గూడు తీశాక ఐదు నిమిషాలు ఓ పక్కగా నిలబడండి. అన్నిటికంటే చివర దిగింది ఏది, తోక వాల్చింది ఏది, పట్టపగలు కన్ను మూస్తున్నది ఏది అని చూడండి. చలి లేకుండానే ఈకలు ఉబ్బించి, మెడ లోపలికి లాక్కుని ఉంటే జ్వరమో నొప్పో ఉన్నట్టు. తురాయి పాలిపోతే ఎర్రనల్లులు రక్తం తాగుతున్నాయేమో, పేలు, నులిపురుగులు పట్టాయేమో చూడండి. ఎర్రనల్లి పగలు కోడి మీద ఉండదు, దండెం పగుళ్లలో దాక్కుంటుంది. రాత్రి టార్చి వేసి, దండెం కింద తెల్ల గుడ్డతో తుడిస్తే ఎర్రటి మరకలు అంటుతాయి. ఎండవేళ నోరు తెరిచి రొప్పడం మామూలే. చల్లటి పూట నోరు తెరిచినా, ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగుతున్నా, గురక వినిపించినా శ్వాస జబ్బే. వెనక భాగం దించి, నిటారుగా నిలబడి ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. దీనికి రేపటి దాకా ఆగకూడదు.

దండెం కింద రాత్రి పాత కాగితం పరిస్తే రెట్ట ఏ చోట పడిందో, దాన్ని బట్టి ఏ కోడిదో తెలుస్తుంది. ఆకుపచ్చ నీళ్ల రెట్ట చూడగానే కొక్కెర తెగులు అనుకుంటారు. ఏ కారణం వల్లనైనా కోడి తినడం మానేస్తే ఖాళీ పేగులోంచి పైత్యరసం అలాగే దిగి పచ్చగా పడుతుంది. కాబట్టి దాని మొదటి అర్థం ఆకలి చచ్చిందని. దానితో పాటు గురక, మెడ తిరిగిపోవడం, గుడ్లు ఒక్కసారిగా పడిపోవడం ఉంటే అప్పుడు కొక్కెరను గట్టిగా అనుమానించాలి. రెట్టలో ఎర్రటి రక్తం పడితే, అందులోనూ మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో అయితే, కాక్సిడియోసిస్ (పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) అయ్యే అవకాశం ఎక్కువ. తాజా రెట్టను చిన్న డబ్బాలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు.

అనుమానం వచ్చిన కోడిని ఆ పూటే వేరు చేయండి. గాలి కొట్టని, పొడిగా, వెచ్చగా ఉండే అట్టపెట్టె చాలు. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. నీళ్లు ముక్కుకు అందేంత దగ్గర పెట్టండి. బాగున్న పెట్ట రోజుకు 100–120 గ్రాముల మేత తిని, దానికి రెట్టింపు దాకా నీళ్లు తాగుతుంది. ఒంటరిగా ఉంటే ఎంత తిన్నదో, ఎంత తాగిందో, రెట్ట ఎలా ఉందో అన్నీ కొలతకు దొరుకుతాయి. పనంతా మంచి కోళ్లతో మొదలుపెట్టి, జబ్బు దానితో ముగించండి. దాని దగ్గర వాడిన చెప్పులు, గిన్నెలు మందలోకి తేకండి.

ఒకటి రెండు రోజుల్లో రెండు మూడు కోళ్లు చనిపోయినా, తల వాచినా, తురాయి ఊదారంగుకు తిరిగినా కోయకండి, తినకండి, అమ్మకండి. కళేబరాన్ని కూడా ఎక్కడికీ మోసుకెళ్లకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి. బర్డ్ ఫ్లూ కూడా ఇలాగే మొదలవుతుంది. ఇలాంటి లక్షణాలేవీ లేకుండా ఒక్కటే చనిపోతే మాత్రం పాతిపెట్టే ముందు శవపరీక్ష అడగండి. వట్టి చేతులతో తాకకుండా, రెండు కవర్లలో చుట్టి చల్లగా ఉంచాలి, గడ్డకట్టించకూడదు. 24 గంటల లోపు అందితే కారణం దొరకడానికి వీలుంటుంది. పోయిన వారం మీరు పోగొట్టుకున్న అవకాశం అదే.

ఈకలు రాలుస్తున్న పెట్ట గురించి: తల, మెడ నుంచి మొదలై వెనక్కి రాలుతూ, రాలిన చోట ముళ్లలా కొత్త ఈకలు పొడుచుకొస్తుంటే అది ఏటా జరిగే ఈకల మార్పే. రెండు మూడు నెలలు గుడ్డు ఆపడం అందులో భాగం. తురాయి కాస్త ముడుచుకున్నా మేత తింటూ చురుగ్గా ఉంటుంది. దానికి మందు కాదు, మాంసకృత్తులు ఎక్కువున్న మేత కావాలి. రెట్ట ద్వారం చుట్టూ బోడిగా ఉండి, ఈకల మొదళ్లలో తెల్లటి గుడ్ల గుత్తులు అంటుకుని ఉంటే పేలు. వీపు మీద మాత్రమే బోడిగా ఉంటే జబ్బేమీ కాదు, మీ పుంజుకు ఆ పెట్ట అంటే ఇష్టం ఎక్కువ.