అడవి మీద ఊళ్లకు హక్కులిస్తే ఎర్రచందనం దొంగరవాణా ఆగుతుందా?

పూర్తిగా ఆగదు. కానీ దుంగ కొండ దిగకముందే ఆ కబురు కొండకింద ఊళ్లకు తెలుస్తుంది. తెలిసినా ఎందుకు చెప్పరన్నదే అసలు చిక్కు.

మాది రాయలసీమలో పాలకొండల కింద ఊరు. చిన్నప్పుడు మేకలు తోలుకుని కొండెక్కేవాణ్ని. ఎర్రచందనానికి వాసన ఉండదు (శ్రీగంధంతో కలిపి చూసేవాళ్లు ఇక్కడే పొరబడతారు). బెరడును బట్టే గుర్తుపడతాం, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. దొంగలు చెట్టు కొట్టాక తెల్లటి పైచెక్కను గొడ్డలితో చెక్కి అక్కడే పారేసి, చేవను మాత్రం మోసుకుపోతారు. ఒకసారి అలాంటి పేళ్ల కుప్ప చూసి నాన్నకు చెప్పాను. ఆయన అప్పట్లో వన సంరక్షణ సమితి సభ్యుడు, వెళ్లి అధికారులకు చెప్పివచ్చాడు. మర్నాటి నుంచి మూడు రోజులు ఆయననే పిలిపించి కూర్చోబెట్టారు. నీకెలా తెలిసింది, నీతో ఇంకెవరున్నారు అని. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికీ కొండమీద ఏమీ కనబడలేదు.

ఇక సరిహద్దుల సంగతి. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రధానంగా శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల్లోనే. నేపాల్ అడవుల్లో అది మొలవదు. అయినా అక్కడ దుంగలు పట్టుబడుతుంటాయి, టిబెట్ మీదుగా చైనాకు అదొక దారి కనుక. మరికొంత సరుకు మయన్మార్ వైపు, ఇంకొంత వేరే సరుకు పేరుతో ఓడరేవుల నుంచి కంటైనర్లలో పోతుంది. 1995 నుంచి ఇది సైటిస్ (అంతరించిపోయే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, అనుమతిపత్రం లేకుండా దేశం దాటకూడదు. కానీ దెబ్బ తగిలేది ఎప్పుడూ కొండమీద ఉన్నవాళ్లకే. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్లు చంపేశారు. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. కొనేవాడు ఈ రెండు జాబితాల్లోనూ లేడు.

పని మీద కొంతకాలం కాఠ్మాండూలో ఉన్నాను. అప్పుడు సింధుపాల్‌చోక్ జిల్లాలో ఒక ఊరికి వెళితే, అది వంటచెరకు కోసం అడవి తెరిచే రోజట. 1993 అటవీ చట్టం కింద (ఇప్పుడు దాని స్థానంలో 2019 చట్టం ఉంది) అక్కడ ఊరి బృందాలకే అడవిని అప్పగిస్తారు, అలాంటివి దేశంలో 22 వేలకు పైగా ఉన్నాయి. అమ్మకాల డబ్బు బృందం నిధికే చేరుతుంది, అందులో నాలుగో వంతు తిరిగి అడవికే ఖర్చుపెట్టాలి. దారి మొదట్లో చాప మీద లెక్కల పుస్తకంతో ఒకావిడ కూర్చుని ఉంది. ఒక ముసలాయన మోపులో పచ్చికొమ్మ కనబడితే జరిమానా రాసింది. ఆవిడ ఆయనకు కోడలని తర్వాత తెలిసింది! చెల్లించేదాకా ఆయన గొణుగుతూనే ఉన్నాడు, ఆవిడ తలెత్తలేదు.

మా ఎర్ర దుంగల లారీ మీ ఊరి రోడ్డు మీద పోతే ఏం చేస్తారని అడిగాను. "అది మా అడవిది కాదు కదా" అంది. నిజమే. తన చెట్టును ఊరు కాస్తుంది. పక్కదేశం చెట్టును కాయాల్సింది ప్రభుత్వాలు. ఏ లారీ ఎక్కడ బయలుదేరిందో ఒక దేశం వాళ్లు ఇంకో దేశం వాళ్లకు ఆ రాత్రికే చెప్పుకోగలగాలి.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడుకునే హక్కును గ్రామసభకు ఇచ్చింది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 2005 డిసెంబరు 13కు ముందు 75 ఏళ్లుగా, ఆ అడవినే నమ్ముకుని ఉన్నట్టు చూపాలి. మేం దరఖాస్తు పెట్టినప్పుడు ఆధారంగా మా తాత కట్టిన పుల్లరి (అడవిలో పశువుల మేతకు కట్టే పన్ను) రసీదులు వెతికాను. కట్టలో చెదలు తినగా మిగిలింది ఒక్కటే. దాన్ని చూసి "ఇది చాలదు" అని కాగితాలు తిప్పిపంపారు. పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని నిబంధనల్లో ఉందని అప్పటికి మాకు తెలియదు.

మీదీ కొండకింద ఊరైతే ముందు ఆ వాంగ్మూలాలు రాయించి సంతకాలు పెట్టించండి. మా ఊళ్లో ఆ సంగతులు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ముగ్గురే మిగిలారు.