బడి తోట చూసుకుంటానన్న అమ్మాయికి మాస్టారి ఉత్తరం

అమ్మడూ,

నీ మెసేజ్ రాత్రి చూశా, కళ్లజోడు మార్పించుకుందామని నరసరావుపేట వెళ్లి చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరలేదు. నువ్వూ నీ డిగ్రీ ఫ్రెండ్స్ ఆరుగురూ కలిసి సెలవుల్లో మన హైస్కూల్ తోటకి నీళ్లు పెడతామన్నారట, చాలా సంతోషం. వాలంటీర్లం అని మాత్రం ఊళ్లో చెప్పుకోకండే, ఒకప్పుడు ఇంటింటికీ పెన్షన్ పంచిన వాలంటీర్లనుకుని, పెన్షన్ ఏదమ్మా అని ముసలాళ్లు వెంటపడతారు.

ముందు ఒక మాట విను. ఎండాకాలం తోటని పెంచలేం, బతికించుకుంటే చాలు. ఏప్రిల్ 24న బడి మూస్తే మళ్లీ జూన్ 12కి గానీ తెరవరు, అంటే 49 రోజులు, పైగా మన పల్నాడు ఎండలు, రెంటచింతల పేరు పేపర్లో పడకుండా మే నెల ఎప్పుడైనా గడిచిందా. అందుకని మొదటి రోజే తోటంతా ఒకసారి తిరిగి ఏవి కాపాడాలో ఏవి వదిలెయ్యాలో తేల్చుకోండి. మునగ, కరివేపాకు, బొప్పాయి, బచ్చలి, వంగ, ఇవి కావాలి, జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచే పప్పులోకి ఏదో ఒకటి వంటామెకి అందుతుంది. టమాటా మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ వేడికి పూత నిలవదు, పూసినట్టే పూసి రాలిపోతుంది, దానికి పోసే నీళ్లు వంగకి పోస్తే నయం. బెండలో పల్లాకు తెగులు వచ్చిన మొక్కలు, అదే ఆకు ఈనెలు పసుపు పచ్చగా అల్లుకుపోయినవి, జాలి పడకుండా పీకి దూరంగా కాల్చెయ్యండి, తెల్లదోమ దాన్నే పక్క మొక్కకి మోస్తుంది.

ఇక డ్యూటీలు. దీని దగ్గరే అందరూ బోల్తా పడతారు. నేను పనిచేసిన ఒక బళ్లో పదకొండు మంది పేర్లిచ్చారు, మే రెండో వారానికి తోట ఎండి వరుగైంది, ఎందుకంటే ఎవడికి వాడు ఇవాళ వాడు పోసుంటాడులే అనుకున్నాడు. తప్పు వాళ్లది కాదు, నాదే, రోజుకి ఒక పేరు రాయకుండా అందరూ చూస్కోండి అని బస్సెక్కా. కాబట్టి రోజుకి ఒక్కరు, వాళ్లకి తోడు ఇంకొకరు, అంతే. ఆ పేర్లు రాసే ముందు ఎవరింట్లో ఏ తారీఖున పెళ్లి ఉందో అడుగు, మే అంటే ముహూర్తాల నెల, సరిగ్గా ఆ వారమే అందరూ మాయమవుతారు. హెడ్మాస్టర్ గారి దగ్గర ఒక కాగితం మీద పర్మిషన్ రాయించుకుని తాళం చెవి బడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో పెట్టించు. చెవి ఒకళ్ల జేబులో ఉందంటే వాళ్లు ఊరెళ్లిన రోజు తోటకి ఉపవాసమే.

నీళ్లు పొద్దున్నే, ఏడున్నర లోపు అయిపోవాలి. కుదరకపోతే సాయంత్రం ఎండ తగ్గాక. మధ్యాహ్నం మూడింటికి బెండ, సొర ఆకులు వేలాడేసి కనిపిస్తే కంగారు పడి పైపు పట్టుకోకు, అవి ఎండకి అలానే వాలతాయి, చల్లబడ్డాక లేస్తాయి. పొద్దున్న కూడా వాలే ఉంటేనే దాహం అని. అనుమానంగా ఉంటే పాదులో వేలు రెండు కణుపుల లోతు దించి చూడు, లోపల చెమ్మ తగిలితే ఆ రోజుకి వదిలెయ్. రోజూ కాసిన్ని చిలకరించే కన్నా రోజు విడిచి రోజు పాదు నిండా పెట్టడం మేలు, లేకపోతే వేళ్లు పైపైనే తిరుగుతాయి.

ఇంకోటి, ఇది నేను చేసిన ఘనకార్యం. ఎండలో పడున్న నల్ల పైపు విప్పి నేరుగా వంగ నారు మీదకి పట్టా. పైపులో నిలవున్న నీళ్లు టీ కాచినట్టున్నాయి, సాయంత్రానికి నారంతా ఉడికించిన తోటకూరలా పడుకుంది. అప్పట్నుంచీ ముందు ఒక బకెట్ నీళ్లు బయట వదిలి, చెయ్యి పెట్టి చూసి, అప్పుడే మొక్కకి పడతా.

సాగర్ కాలవ కట్టేశాక బోరు కూడా సన్నగిల్లుతుంది కదా, దానికి కుండలు వాడండి. చలివేంద్రాల్లో వాడి పక్కన పడేసిన కుండలు అడిగితే ఇస్తారు. మొక్కకి జానెడు దూరంలో మెడ దాకా పాతి, నిండా నీళ్లు పోసి, మూత పెట్టెయ్, మట్టి ఎంత లాగితే అంత ఊరుతుంది, కొత్తగా పెట్టిన బొప్పాయికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఐతే పాతే ముందు నీళ్లు పోసి గంట ఉంచి చూడు, కుండ బయట తడి ఊరకపోతే రంధ్రాలు పూడుకుపోయినట్టు, అది పనికిరాదు. మూత మర్చిపోతే దోమల ఫ్యాక్టరీ పెట్టినట్టే.

పాదుల్లో వరిగడ్డి నాలుగు వేళ్ల మందం పరవండి, కాండానికి ఆనకుండా. తడి ఆరదు, కలుపు రాదు. కాకపోతే ఆ చల్లదనానికి తేళ్లూ పాములూ చేరతాయి, ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో రెండు దెబ్బలు వెయ్యాలి, చెప్పులు విప్పకూడదు. మోటార్ స్టార్టర్ జోలికి చిన్నపిల్లల్ని రానివ్వకు, మీరైనా తడి చేత్తో ముట్టుకోవద్దు.

డ్రిప్ పైపులు ఉడతలు కొరుకుతాయి, వాటికీ దాహమేగా. ఒక మట్టి మూకుడులో నీళ్లు పోసి చెట్టు కింద పెడితే చాలావరకు పైపుల జోలికి రావు. మేకలకి మాత్రం అలాంటి మర్యాదలు పనిచెయ్యవు, గేటు పక్కన కంచెలో సందు ఉంది చూడు, అక్కడ తుమ్మకంప కొట్టి పెట్టండి. వంగ ఆకుల కింద ఎర్రనల్లి, అదే కంటికి ఆనీ ఆనని ఎర్రటి పురుగు, వస్తే పొద్దున్నే నీళ్లు అడుగు వైపు గట్టిగా కొట్టు, తగ్గకపోతే లీటర్ నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లు. ఎండలో చల్లావా ఆకు మాడుతుంది.

కాసిన కాయల గురించి ముందే మాట్లాడుకోండి. సెలవుల్లో బళ్లో వంట ఉండదు, కాయలు ముదరనిస్తే మొక్క కాపు ఆపేస్తుంది, కాబట్టి కొయ్యాల్సిందే. ఆ రోజు డ్యూటీ ఎవరిదైతే వాళ్లింటికి కొంత, వంటామెకి కొంత. ఎన్ని కోశారో నోట్‌బుక్‌లో రాయండి, లేకపోతే పావుకిలో వంకాయల మీద ఊరంతా పంచాయితీ అవుతుంది, నేను చూశా. రెండు బీరకాయలు మాత్రం తీగ మీదే ఎండనివ్వండి, విత్తనాలకి విత్తనాలు, పీచుకి పీచు.

మే 25 అటూ ఇటూగా రోహిణి కార్తె వస్తుంది, ఆ రెండు వారాలూ కొత్తగా ఏదీ నాటొద్దు, ఒక జల్లు పడిందని ఊపుకొచ్చి గోంగూర చల్లేస్తారేమో, మళ్లీ ఎండ కాస్తే మొలకలన్నీ మాడతాయి. మృగశిర వచ్చి నేల రెండు తడులు తాగాక చల్లండి, అప్పుడే ముదిరిన వంగ మొక్కల్ని జానెడు ఎత్తుకి కత్తిరిస్తే కొత్త చిగుళ్లేసి మళ్లీ కాస్తాయి.

నేను జూన్ మొదటి ఆదివారం వస్తా. ఆ లోపు మోటార్ దగ్గర పైపు జాయింట్ కారుతుంది కదా, దానికి పాత సైకిల్ ట్యూబ్ ముక్క బిగించి కట్టించు, రోజుకి నాలుగు బిందెలు అక్కడే పోతున్నాయి.

మీ సార్