బాత్‌రూమ్‌కి గాజు గోడ పెట్టించమంటారా?

ప్రశ్న: హైదరాబాద్ నార్సింగిలో మూడు బెడ్‌రూముల ఫ్లాట్ తీసుకున్నాం. ఇంటీరియర్ చేసే అబ్బాయి మాస్టర్ బెడ్‌రూమ్‌కీ బాత్‌రూమ్‌కీ మధ్య గోడ తీసేసి నిలువెత్తు గాజు పెడదామంటున్నాడు. తలుపు కూడా అక్కర్లేదట, ‘ఓపెన్ కాన్సెప్ట్’ అట. మావారు గోవా రిసార్ట్‌లో అలాంటిది చూసినప్పటి నుంచి అదే కావాలంటున్నారు. ఆయనకి అమెరికా కాల్స్, పడుకునేసరికి రాత్రి రెండవుతుంది. నేను ఐదున్నరకే లేవాలి. నాలుగేళ్ల పాప మా దగ్గరే పడుకుంటుంది. పండగలకి అత్తగారు వస్తే నెలరోజులు ఉంటారు. వద్దంటే పాతకాలం మనిషినంటారేమోనని నోరు విప్పలేకపోతున్నాను.
- ఒక పాఠకురాలు, నార్సింగి

జవాబు: ముందు అది ఏ గోడో కనుక్కోండమ్మా. మీ వైపు కొత్త టవర్లు చాలావరకు అల్యూమినియం అచ్చుల్లో (ఫార్మ్‌వర్క్) కాంక్రీటు పోసి కడుతున్నారు, సైటులో ‘మైవాన్’ అంటారు. వాటిలో లోపలి గోడలు కూడా కాంక్రీటువే, పై అంతస్తుల బరువు మోసేవే. వాటిని కొట్టే హక్కు మీకూ లేదు, ఆ అబ్బాయికీ లేదు. బిల్డర్‌ని స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగండి. అది కాంక్రీటు గోడైతే మీరు చెడ్డవారు కాకుండానే గొడవ తీరిపోతుంది.

ఇటుకదో, బ్లాకుదో అయితే మిగతాది చదవండి.

హోటళ్లు గాజు పెట్టడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. గది ఇరుకు, కిటికీ ఒక్క వైపే, బాత్‌రూమేమో వరండా వైపు చీకట్లో పడుతుంది. గాజు పెడితే వెలుతురు లోపలిదాకా పోతుంది, ఫొటోలో గది పెద్దగా కనిపిస్తుంది. అక్కడ ఉండేది ఒకరో ఇద్దరో, అదీ రెండు రాత్రులు. పొద్దున్నే గాజు తుడవడానికి మనిషి వస్తాడు. మీ ఇంట్లో ఆ మనిషి మీరే. బోరు నీళ్లయితే వారం తిరక్కుండా గాజు మీద తెల్లటి ఉప్పు చారలు పడతాయి. స్నానం చేసిన ప్రతిసారీ వైపర్‌తో లాగితేనే ఆ అందం నిలుస్తుంది.

విజయవాడ గుణదలలో ఒక ఇంటికి మెట్ల రెయిలింగు పని మీద వెళ్లాను. పనిలో పనిగా ఇల్లంతా చూపించారు. మాస్టర్ బెడ్‌రూమ్‌లో బాత్‌రూమ్ గాజు మీద లుంగీ వేలాడుతోంది. ఆరేసుకున్నారేమో అనుకున్నాను. కాదట, అడ్డం కట్టుకున్నారట.

ప్రైవసీ అనగానే అందరూ కంటి సంగతే మాట్లాడతారు. కాపురాల్లో పేచీ వచ్చేది చెవి దగ్గర, ముక్కు దగ్గర. ఐదున్నరకి మీరు ఫ్లష్ నొక్కితే రెండింటికి పడుకున్న మనిషికి మెలకువ వస్తుంది. లైటు వేస్తే పాప మొహం మీద పడుతుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఆపే చప్పుడుని పది మిల్లీమీటర్ల గాజు ఆపలేదు. తలుపే లేనప్పుడు గాజు ఎంత మందమైతే ఏం లాభం? ఇక ఆవిరి. ఏసీ గదిలోకి వేడినీళ్ల ఆవిరి వదిలితే ఏసీకి పని పెరుగుతుంది, బీరువా వెనక ప్లైవుడ్ ఉబ్బుతుంది, పట్టుచీరలకి బూజు వాసన పడుతుంది. ఊరెళ్లి రెండు వారాలు బాత్‌రూమ్ వాడకపోతే, ఎండాకాలంలో నేల జాలీ కింద ట్రాప్‌లో, అంటే వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపులో, ఆ నీళ్లు ఆవిరైపోయి డ్రైనేజీ గాలి నేరుగా పడకగదిలోకి వస్తుంది. మామూలు ఇంట్లో అయితే దాన్ని తలుపు ఆపుతుంది.

ఫ్రాస్టెడ్ గాజు పెడతానంటాడు ఆ అబ్బాయి. దాని గరుకు ముఖం తడిస్తే అవతలి మనిషి కనిపించేస్తాడు కాబట్టి ఆ ముఖం పడకగది వైపే ఉండాలి. అలా పెట్టినా, లోపల లైటు వేస్తే నీడ చక్కగా కనిపిస్తుంది. స్విచ్ నొక్కితే మసకబారే గాజు కూడా వచ్చింది. వాటిలో ఎక్కువ రకాలు కరెంటు ఉన్నంతసేపే పారదర్శకం, పోగానే తెల్లగా మసకేస్తాయి. అంటే కరెంటు పోయినా పరువు పోదు. చప్పుడుకీ వాసనకీ మాత్రం అదీ ఏమీ చెయ్యలేదు.

పాతకాలం అన్న మాటకి మీవారికి ఇది వినిపించండి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం న్యూ కెనాన్‌లో ఫిలిప్ జాన్సన్ అనే ఆర్కిటెక్ట్ 1949లో తన కోసం గాజు ఇల్లు కట్టుకున్నాడు. నాలుగు వైపులా గాజే. చదువుకునే రోజుల్లో మేమంతా ఆ ప్లాను కాపీ గీసినవాళ్లమే. ఆ ఇంట్లో నేల నుంచి కప్పు దాకా లేచిన కట్టడం ఒక్కటే, గుండ్రటి ఇటుక గది. దానికి ఒక పక్క చలిమంట పొయ్యి, లోపల బాత్‌రూమ్. చుట్టూ ఎకరాల కొద్దీ సొంత స్థలం ఉన్న మనిషి, అన్నిటికీ గాజు పెట్టుకున్న మనిషి, అక్కడికొచ్చేసరికి ఇటుక పేర్చాడు. ఆయన్ని పాతకాలం వాడని ఎవరూ అనలేదు.

మన జాతీయ బిల్డింగ్ కోడ్ కూడా, కమోడ్ ఉన్న గదికి గుమ్మాన్ని పూర్తిగా మూసే తలుపు ఉండాలనే అంటుంది. విడి టాయిలెట్‌కి 1.1 చదరపు మీటర్లు, 0.9 మీటర్ల వెడల్పు చాలంటుంది. స్నానాల గదికి 1.8 చదరపు మీటర్లు, 1.2 మీటర్ల వెడల్పు. మీ బాత్‌రూమ్ కొలతలు రాయలేదు. మామూలుగా ఇచ్చే ఎనిమిది అడుగులు, ఐదడుగుల గదే అనుకుందాం. కమోడ్‌ని ఉన్నచోటు నుంచి కదపొద్దు. కదిపితే నాలుగంగుళాల పైపు కదలాలి, వాలు మారాలి, కింది ఫ్లాటు సీలింగు చెమ్మెక్కితే ఆ మాట మీరు పడాలి. కమోడ్ వైపు మూడడుగులు వదిలి అడ్డంగా సన్నటి గోడ, దానికో నిండు తలుపు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ గదికి వేరే, స్నానానికి వేరే. మిగిలిన దాంట్లో స్నానం. వాష్‌బేసిన్ మాత్రం డ్రెస్సింగ్ వైపు బయటికి తెచ్చేయండి, పెద్ద అద్దం పెట్టండి. దానికి తలుపు అక్కర్లేదు. పొద్దున్న ఒకరు స్నానంలో ఉంటే ఇంకొకరు పళ్లు తోముకోవచ్చు. జపాన్ ఇళ్లలో టాయిలెట్ వేరు, స్నానం వేరు, బేసిన్ వేరు. ఆ పద్ధతి నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. బేసిన్ కింద చెక్కపని చేయిస్తే తడికి తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి.

గాజు కావాల్సిందే అంటే, పడకగది గోడలో ఏడడుగుల పైన అడుగున్నర పట్టీ పెట్టించండి. వెలుతురు పంచుకుంటారు, మనిషి కనిపించడు. టఫెన్డ్ గాజు ఒక్కోసారి ఏ దెబ్బా తగలకుండానే పగులుతుంది, అందుకని తల పైన పెట్టేచోట లామినేటెడ్ గాజే, అంటే మధ్యలో పొర ఉండి పగిలినా ముక్కలు రాలనిదే, వాడాలి.

మీ పాపకి ఇంకో రెండు మూడేళ్లలో చాటు కావాలనిపిస్తుంది. అడగడం రాకముందే అది ఇంట్లో ఉండాలి. మీవారి విషయానికొస్తే, గోవాలో ఆయనకి నచ్చింది గాజో, రెండు రోజులు ఫోన్ మోగకపోవడమో ఒకసారి అడిగి చూడండి.

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. మాస్టర్ బాత్‌కి బెడ్‌రూమ్ వైపు తలుపు లేదు, ఆర్చి ఒక్కటే ఉంది. కమోడ్ మాత్రం విడి గదిలో ఉంది. గెస్ట్ బాత్‌కి పాత యజమాని పక్కకి జరిగే ‘బార్న్ డోర్’ పెట్టించాడు. భీమవరం నుంచి అమ్మానాన్న వచ్చి ఆరు నెలలు ఉంటారు. వీడియోలో చూపిస్తే అమ్మ ‘గొళ్లెం ఏదే?’ అంది. ఏమైనా మార్చాలా?
- ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: మీ గది జోలికి పోకండి. కమోడ్‌కి విడిగా తలుపుంది కదా, చాలు. మార్చాల్సింది గెస్ట్ బాత్ తలుపే. బార్న్ డోర్ గోడకి బయట వేలాడుతుంది, చుట్టూ సందు ఉంటుంది, దానికి సరైన గడియ కుదరదు. హాల్లో మనవలు టీవీ చూస్తుంటే మీ నాన్నగారు ఆ తలుపు వెనక్కి వెళ్లరు. బిగపట్టుకుని కూర్చుంటారు, మీకు చెప్పరు కూడా. దాన్ని తీయించి లోపల బోలు లేని గట్టి తలుపు కీళ్లతో పెట్టించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పెద్దవాళ్లు పడిపోతే తోయడానికి అడ్డం రాకూడదు. గడియ బయట నుంచి నాణెంతో తిప్పితే వచ్చేదై ఉండాలి. అక్కడి గోడలు చెక్క చట్రానికి జిప్సం బోర్డు కొట్టినవి, మధ్యలో బోలు. పనివాడు ఎలాగూ వస్తాడు కాబట్టి ఆ గోడలో రాతి ఊలు (రాక్‌వూల్) కూరమనండి, చప్పుడు చాలా తగ్గుతుంది.

ఇంకోటి, మీరు అడగనిది. అక్కడి బాత్‌రూమ్‌లో టబ్బు బయట నేలకి సాధారణంగా జాలీ ఉండదు. మీ అమ్మగారు బకెట్ పెట్టుకుని నాలుగు చెంబులు పోసుకుంటే నీళ్లు కింది అంతస్తు సీలింగుకి దిగుతాయి. వచ్చిన రోజే చెప్పండి, నవ్వుతూ చెప్పండి. టబ్బులోనే స్టూలు, చేతి షవర్ అమర్చండి. కమోడ్‌కి హెల్త్ ఫాసెట్ బిగించండి. టబ్బు అంచు దాటడానికి పట్టుకునే కడ్డీ, గోడ లోపలి చెక్క నిలువుకి స్క్రూ పడేలా బిగించాలి. తువ్వాలు కడ్డీ మనిషి బరువు ఆపదు.

ప్రశ్న: ఖమ్మం దగ్గర మామిడితోటలో చిన్న ఇల్లు కడుతున్నాం. బాలిలో లాగా పైకప్పు లేని స్నానాల గది పెట్టుకోవాలని ఆశ. కుదురుతుందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: భేషుగ్గా కుదురుతుంది. బాలి దాకా ఎందుకండీ, మన పెరట్లో గోలెం పక్కన రాతిపలక మీద నిలబడి పోసుకున్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. స్నానం వరకే ఆకాశం కిందికి తీసుకెళ్లండి, కమోడ్‌ని కప్పు కిందే ఉంచండి. గోడ ఏడడుగులు చాలు, కానీ పక్కచేలో రేపు రెండంతస్తుల డాబా లేస్తుందనుకునే కట్టండి. షవర్‌ని ఆ వైపు గోడకి ఆనించి పెడితే పైనుంచి చూపు అందదు. స్నానం నీళ్లు, వాననీళ్లు అరటి మొక్కలకి మళ్లించండి. సెప్టిక్ ట్యాంకులోకి వాననీళ్లు పోతే అడుగున కుళ్లాల్సిందంతా కొట్టుకొచ్చేస్తుంది. గీజరు, స్విచ్చులు లోపలి గదిలో పెట్టి, ఆ లైనుకి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ వేయించండి. నీళ్లు బయటికి పోయే తూముకి సన్నటి జాలీ కావాలి, లేదంటే ఎలకల వెనకే పాములొస్తాయి. మీ వైపు కోతులు నల్లా తిప్పడం నేర్చుకున్నాయి, అందుకని అసలు వాల్వుని లోపల పెట్టించుకోండి.